రొయ్య మీసం

లైటరుకి వెండి తొడుగు చెయ్యమన్నాడు తిరపతిరాజు.
ఏడు తులాలు. రెండు వైపులా నగిషీ.
"నెమళ్ళొద్దు, లతలొద్దు ఆచారీ,
నాకు అన్నం పెట్టింది రొయ్య.
రొయ్యనే చెక్కు."

మా తాత చుట్టల పెట్టెల మీద
లంక పొగాకు ఆకుని ఈనెలతో సహా దించేవాడు.
మా నాన్న సిగరెట్టు కేసుల మీద
హంసల్నీ, జమీందార్ల ఇంగ్లీషు పొడి అక్షరాల్నీ.
రొయ్యని మా ఇంట్లో ఎవరూ చెక్కలేదు.
తినలేదు కూడా, ఆ మాటకొస్తే.

పాలకొల్లు చేపల మార్కెట్టులో
తువ్వాలు ముక్కుకి అడ్డం కట్టుకుని
పావుకిలో టైగరు తూయమన్నాను.
పల్లాలమ్మ తక్కెడ ఆపి నవ్వింది:
"ఆచారిగారికి నాలుక మారిందేంటండోయ్!"

అరిటాకు ముక్క మీద పడుకోబెట్టి
భూతద్దం కంటికి ఇరికించి చూశాను.
చేసినవాడు పనివాడే.
పెంకు మీదికి పెంకు ఎక్కిన తీరు,
వంగితే వంగుతుంది, ఎక్కడా టంకం లేదు.
నుదుట రంపం.
నడవడానికి పది కాళ్ళు, ఈదడానికి మళ్ళీ పది.
మీసాలు మాత్రం ఒంటికన్నా పొడుగు.
ఆ పొడుగంతా ఉలి ఎత్తకుండా ఒక్క లాగులో రావాలి.
చెయ్యి ఆగితే అతుకు.
ఊపిరి వదిలితే వణుకు.

లక్కలో తొడుగు దిగేసి నాలుగు రోజులు
కాళ్ళతోనే సరిపోయింది.
అయిదో రోజు పొద్దున్నే, కాఫీ తాగకముందే,
కాలవ మీద పడవ మోటారు ఆగే దాకా చూసి
మీసం లాగాను.
భ్రమరాంబ గుమ్మంలోనే నిలబడిపోయింది,
చేతిలో చేట అలాగే.

చూడ్డానికి పల్లాలమ్మ కూడా వచ్చింది.
ఆవిడది అడ్డచుట్ట,
నిప్పు వైపు నోట్లో, చల్లని వైపు బయట.
తొడుగుని అటూ ఇటూ తిప్పి
"బానే ఉంది గానండీ,
ముట్టించుకోడానికి ఇంత ముస్తాబా?
నా నిప్పు నా భర్తకే కనపళ్ళేదు" అంది.

తిరపతిరాజు రాలేదు.
శ్రావణం పోయింది, దసరా పోయింది.
చెరువుల్లో తెల్లమచ్చ అన్నారు,
ఒక్క రాత్రిలో మూడు చెరువులు తేలాయన్నారు.
నెలకోసారి కుంకుడు రసంతో తోమి
మళ్ళీ గుడ్డలో చుట్టేవాణ్ణి.

వచ్చాడు చివరికి, కారు లేదు, మోపెడ్డు.
గుడ్డ విప్పి ముందు పెట్టాను.
వేలితో మీసాన్ని కొస దాకా తడిమాడు.
"కరిగించెయ్. వెండి ఇచ్చెయ్ చాలు."

మా అబ్బాయి దగ్గర గ్యాసు టార్చి ఉంది.
నేను ఊదుగొట్టమే తీశాను.
మా వంశంలో ఎవరూ పొగ తాగలేదు గానీ
నోట్లో గొట్టం లేని రోజు ఎవరికీ లేదు.
లోకం పీలుస్తుంది, మేం ఊదుతాం.
దాని మీద ఒక్క పువ్వు చెక్కిన పాపాన పోలేదు ఎవరూ.
ఉన్నవల్లా పంటిగాట్లు:
తాతది ముందు పన్ను, నాన్నది పక్క పన్ను,
నేను ఎక్కడ కరుస్తానో నాకే తెలీదు.

మూసలో వెలిగారం చల్లి ఊదాను.
వెండి రొయ్య నిజం రొయ్యలాగే
ముందు ఎర్రబడింది.
కాళ్ళు పోయాయి, రంపం పోయింది.
మీసం ఉందనిపించింది ఇంకో క్షణం,
నా కంట్లోనే ఉందేమో.

చల్లారిన ముద్దని తూచాను.
"తరుగెంత?" అన్నాడు.
"మీసమంత."
నవ్వలేదు.
మజూరీ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

బీడీ నోట్లో పెట్టుకుని జేబులు తడుముకున్నాడు,
చొక్కా జేబు, లాగు జేబు, మళ్ళీ చొక్కా.
కుంపట్లోంచి ఓ బొగ్గు
పట్టుకారుతో ఎత్తి అందించాను.
వంగి ముట్టించుకున్నాడు.

వీధిలో పల్లాలమ్మ కేకేసుకుంటూ పోతోంది,
బుట్టలో ఇవాళ ఏమేం ఉన్నాయో.